నూట తొంభై ఒక్క పాల కిటికీలు

మార్చి 4

బుడంకాయ్‌కి మామయ్య రాసేది.

నీకు నలభై దాటినా నేనిలాగే పిలుస్తాను. ఇష్టం లేకపోతే కవరు చించకుండా తిప్పి పంపెయ్. కన్ను బాగానే ఉంది. ఆపరేషను చేసిన డాక్టరమ్మ నెల్లాళ్ళు తల వంచొద్దు, మెట్లెక్కొద్దు అంది. తల వంచకపోవడం నాకు అలవాటేనండీ, మెట్లతోనే కష్టం అన్నాను. ఆవిడ నవ్వలేదు. కళ్ళ డాక్టర్లు నవ్వరు, ఎప్పుడైనా గమనించావా? పళ్ళ డాక్టర్లు మాత్రం ఊరికే నవ్వుతారు. ఎదుటివాడి నోరు తెరిచి ఉంటుంది, తిరిగి ఏమీ అనలేడన్న ధైర్యం కాబోలు.

అసలు విషయానికొస్తాను. నేను ఆసుపత్రిలో ఉన్న వారంలో ఎవరో పరీక్షలవాళ్ళు వచ్చి, మా బ్లాకుల గోడలకు పన్నెండు చోట్ల మిషనుతో బెజ్జాలు వేసి, గొట్టాల్లాంటి కాంక్రీటు ముక్కలు తీసుకుపోయారట. ఇప్పుడు రిపోర్టు వచ్చింది. బలం ఇరవై అయిదు ఉండాల్సిన చోట తొమ్మిదే ఉందట. మూడు బ్లాకులూ కూల్చాలట. ఆగస్టు ఆఖరుకల్లా రెండువందల పదహారు ఇళ్ళూ ఖాళీ చెయ్యమని యూనివర్సిటీవాళ్ళు ప్రతి తలుపుకీ నోటీసు అంటించారు. నా తలుపుకి రెండు అంటించారు. రిటైరైనవాడి బుర్రకు ఒకటి ఎక్కదనుకున్నారేమో.

తొమ్మిదంటే బిస్కెట్టు. నేను పోయించిన గోడ బిస్కెట్టా?

నువ్వు ఈ బ్లాకుల్ని చూసింది నాలుగేళ్ళ పిల్లప్పుడు, ఒక్కసారి. గుర్తుండకపోవచ్చు. ఒక్కోటి పన్నెండు అంతస్తులు, అంతస్తుకు ఆరిళ్ళు, ఇళ్ళ ముందు వీధంత వెడల్పు వరండా. సున్నం లేదు, రంగు లేదు, కాంక్రీటు కాంక్రీటులాగే ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు బూడిద డబ్బాలంటారు. దీన్ని గీసిన ఆర్కిటెక్టు చీకటి పడ్డా నల్లకళ్ళద్దాలు తియ్యని మనిషి. గోడకు పూత పూయడమంటే అబద్ధమాడటమే అనేవాడు. అందుకని కాంక్రీటు పోసే చెక్క పెట్టెలు బిగించే మా సెంట్రింగువాళ్ళం బల్లలు ఏరి ఏరి పేర్చేవాళ్ళం, చెక్క మీది గీతలన్నీ గోడ మీద అచ్చుపడాలని. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఒక బల్ల తిరగేసి పెట్టానని ఆయన నా చేత మొత్తం గోడ ఊడదీయించాడు. తిట్టుకుంటూ తీశాను. రెండోసారి పోశాక ఆ గోడ ముందు నిలబడి అన్నం తినడం మర్చిపోయాను. అందరూ పని అయిపోయి వెళ్ళిపోతే నేను మరమ్మతు మేస్త్రీగా ఇక్కడే ఉండిపోవడానికి కారణం అదే, మీ అమ్మ అనుకున్నట్టు క్యాంటీన్‌లో టీ పోసే అమ్మాయి కాదు. పూర్తిగా కాదు.

నువ్వు చేసేది ఇదే పని కదా, కాంక్రీటు ముక్కల్ని మిషన్లో నలిపి బలం చెప్పడం. ఆ రిపోర్టు రాసిన దద్దమ్మ ఎవడో కనుక్కో. కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. కింద సంతకం కాలికింద పడ్డ వానపాములా ఉంది. వాడికి గడ్డి పెట్టేలా నాలుగు ముక్కలు ఇంజనీరు భాషలో రాసి పంపు, నేను ఆఫీసులో ఇస్తాను.

ఒంటికన్నుతో రాశాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నీ మామయ్య


మార్చి 13

మామయ్యకి,

ఉత్తరం అందింది. కన్ను జాగ్రత్త. చుక్కల మందు రోజుకి నాలుగుసార్లు వెయ్యమంటే నాలుగుసార్లే వెయ్యాలి. నువ్వు లెక్క మర్చిపోయి ఆరుసార్లు వేస్తావని నాకు తెలుసు.

రిపోర్టు గురించి నువ్వు అడిగినదానికి తొందరపడి ఏమీ చెప్పలేను. ఆ కాలంలో సిమెంటు కరువుండేదని నువ్వే ఒకసారి చెప్పావు. ఎవరు ఎక్కడ తగ్గించి కలిపారో నీకు మాత్రం ఎలా తెలుస్తుంది? యాభై ఆరేళ్ళు నిలబడింది కదా అని ఇంకో ఏడాది నిలబడుతుందని చెప్పలేం. అందులో చిన్నపిల్లలున్న ఇళ్ళు ఎన్ని?

నా దగ్గరికి వచ్చెయ్యి. కింది అంతస్తు, మెట్లు లేవు. ముందు గదిలో వెలుతురు బాగుంటుంది, నీ పనిముట్లు పెట్టుకోవడానికి బీరువా ఖాళీ చేశాను. ఇది మొహమాటానికి అనడం లేదు.

ఫోను పెట్టుకోమంటే పెట్టుకోవు. కొన్ని సంగతులు ఉత్తరంలో రాయడం కష్టం.

నీ మేనకోడలు


మార్చి 20

బుడంకాయ్‌కి,

ఫోన్లో మాట నాకు సరిగా వినపడదు, వినపడ్డా నమ్మబుద్ధి కాదు. కాగితం మీద రాయలేని సంగతి ఉంటే అది చెప్పదగ్గది కాదేమో ఒకసారి చూసుకో.

నేను నీ బీరువా అడిగానా? నాలుగు ముక్కలు ఇంజనీరు భాషలో అడిగాను. ముసలాడు ఇల్లు పోతుందని గింజుకుంటున్నాడు, తీసుకొచ్చి ముందు గదిలో కూచోబెడితే నోరు మూసుకుంటాడు, ఇదేగా నీ ఆలోచన? నాకు వేరే గది దొరక్క కాదు ఈ గొడవ. గది ఇక్కడే ఇస్తామంటున్నారు, విను.

మా ఎస్టేటు ఆఫీసరు మొన్న నా దగ్గరికి స్వయంగా వచ్చాడు. మెడ కనపడనంత బిగుతుగా టై కడతాడు, అందుకే పిల్లలు ఆయన్ని టై అంటారు. ఎప్పుడూ కబురు పెట్టేవాడే గానీ వచ్చేవాడు కాదు. కుర్చీ తుడుచుకుని మరీ కూచున్నాడు.

"మేస్త్రీగారూ, ఈ ఇళ్ళవాళ్ళు మీ మాట వింటారు."

"కుళాయి విషయంలో వింటారండీ. మిగతావాటికి వాళ్ళ పెళ్ళాల మాట వింటారు."

"వాళ్ళందరికీ మీరు నచ్చజెప్పండి. గోల లేకుండా ఖాళీ చేసేస్తే, కొత్త హాస్టల్లో మీకొక గది. జీవితాంతం. రాతపూర్వకంగా."

"నా జీవితాంతమా, హాస్టలు జీవితాంతమా? ఈ మధ్య కట్టేవాటిలో ఏది ముందో చెప్పలేకపోతున్నాం."

టై పైన మొహమంతా ఎర్రబడటం అప్పుడే చూశాను. పోతూ పోతూ అన్నాడు, సైన్సుతో వాదించకండి అని. నేను వాదిస్తున్నది సైన్సుతో కాదు బాబూ, వానపాముతో అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

నాలుగో అంతస్తులో తర్కం చెప్పే లెక్చరరు ఒకడున్నాడు, భార్య నర్సు. మనిషి మంచివాడే, నీళ్ళు కాగుతున్నాయా లేదా అన్నదానికి కూడా మూడు కారణాలు చెబుతాడు. వాడి వరండాలో మీటింగు పెట్టుకున్నాం. నూటముప్పై మంది వచ్చారు. కుర్చీలు పదకొండు. వాడు లేచి అన్నాడు, "రిపోర్టు నిజమైతే మీటింగులో ఇంతమంది ఒక వరండా మీద నిలబడకూడదు." సగంమంది నవ్వారు, సగంమంది మెల్లిగా గోడ వైపు జరిగారు. నేను కిందనుంచే వింటున్నాను. లిఫ్టు కూడా ఆపేశారు, ప్రమాదమట.

ఒక్క మాట అడుగుతాను. నీకు ఆ కంపెనీవాళ్ళంటే భయమా? నీ ఉద్యోగానికి ఇబ్బందైతే అడగను. కానీ భయానికి నన్ను సాకు చెయ్యకు.

మామయ్య


మార్చి 29

మామయ్యా,

ఆ వానపాము సంతకం నాది.

మా ల్యాబును కిందటేడు ఒక పెద్ద కంపెనీ కొనేసింది. పేరు మారింది. నీకు చెప్పాల్సినంత పెద్ద విషయం అనుకోలేదు. ఉత్తరాల్లో నేనెప్పుడూ నీ మేనకోడలు అనే రాస్తాను కాబట్టి ఆఫీసు సంతకం నువ్వు చూడలేదు.

నీ బ్లాకుల ఫైలు అని తెలిసే చూశాను. ముక్కలు నా చేతిమీదుగానే నలిగాయి. నువ్వున్నావని అంకెలు మార్చలేను కదా. వేరేవాళ్ళకు ఇచ్చేస్తే బావుండేదని తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం, కూలిపోయే గోడ కింద మా మామయ్య పడుకుంటున్నాడు, ముందు ఆయన్ని బయటికి లాగాలి అనే అనుకున్నాను. దద్దమ్మ అన్నావు. పడతాను. భయపడ్డానన్నావు. పడ్డాను, కంపెనీకి కాదు.

పన్నెండు ముక్కల్లో తొమ్మిది దాదాపు ఒకే బలం చూపించాయి. మూడు మాత్రం చాలా ఎక్కువ చూపించాయి. ఒకే గోడలో అంత తేడా రాదు కాబట్టి ఆ మూడూ పొరపాటనుకుని పక్కన పెట్టాం. రూలు ప్రకారమే పెట్టాం. కానీ నీ మొదటి ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ మూడూ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

పన్నెండు చోట్ల జాబితా దీంతో పెడుతున్నాను. మావాళ్ళు నేలకు ఎంత ఎత్తులో, తలుపుకు ఎంత దూరంలో తీశారో ఉంది. ఇనుము పసిగట్టే మిషను గోడమీద నడిపి, లోపల ఊచ లేనిచోట చూసి మరీ తీశారు. ఊచ తెగితే గోడకు దెబ్బ కదా. నీకు వీలైతే, మెట్లెక్కడానికి డాక్టరు ఒప్పుకుంటేనే, ఆ చోట్లు చూసి నీకేమనిపించిందో రాయి. తిట్లు తర్వాత రాసినా సరే.

నీ మేనకోడలు


ఏప్రిల్ 6

బుడంకాయ్‌కి,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు నీమీద కోపంగా ఉన్నాను. సంతకం పెట్టినందుకు కాదు. మామయ్య ఉన్నాడని అంకెలు మార్చే మనిషివైతే నేను నిన్ను చదివించమని మీ నాన్నతో అంత గొడవ పడేవాణ్ణే కాదు. గోడను చూడకుండా, ముట్టుకోకుండా, ఎవరో గోనెసంచిలో తెచ్చిన ముక్కలు నలిపి గోడ సంగతి చెప్పావు చూడు, అందుకు. ముక్క గోడ కాదు. కడుపునొప్పి వచ్చినవాడి గోరు కత్తిరించి చూసి మందు రాసినట్టుంది.

నాలుగోరోజు నీ జాబితా పట్టుకుని, సుద్దముక్క జేబులో వేసుకుని మెట్లెక్కాను. డాక్టరమ్మకు చెప్పకు.

మొదటి చోటు మా బ్లాకు మూడో అంతస్తు. తలుపుకు జానెడు దూరం, నడుమెత్తు. మీవాళ్ళు బెజ్జాన్ని తెల్ల సిమెంటుతో పూడ్చి పోయారు. ఎంత అసహ్యంగా పూడ్చారే. గోడ మొహాన ఉమ్మేసినట్టుంది. దాన్ని తిట్టుకుంటూ పక్కన చెయ్యి వేశాను. వేళ్ళకు తెలిసిపోయింది. రెండో చోటు అయిదో అంతస్తు. మళ్ళీ తలుపుకు జానెడు, నడుమెత్తు. నేను మెట్ల మీద కూచుండిపోయాను. తర్కం లెక్చరరు భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏమైంది బాబాయిగారూ, గుండె దడగా ఉందా అంది. లేదమ్మా, నా పనితనం చూసి నాకే మతి పోయింది అన్నాను.

ఈ ఇళ్ళవాళ్ళకు తప్ప ఇప్పటిదాకా ఎవరికీ తెలియని సంగతి చెబుతున్నాను. నల్లకళ్ళద్దాలాయన ప్రతి తలుపు పక్కనా గోడలో అడుగు చదరం కిటికీ పెట్టాడు. పాలవాడు వరండాలోంచి సీసా పెడితే లోపలివాళ్ళు వంటింట్లోంచి తీసుకోవాలి. పాల కిటికీ అనేవాళ్ళం. కాగితం మీద చూస్తే ముద్దొచ్చింది. కట్టాక అందులోంచి పాలు తప్ప అన్నీ వచ్చాయి. చలిగాలి వచ్చింది, పిల్లులు వచ్చాయి, ఒకసారి రసాయనశాస్త్రం ప్రొఫెసరుగారి కోటు పోయింది. మూసెయ్యండి మహాప్రభో అని అందరూ ఆఫీసు చుట్టూ తిరిగారు. గోడల్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఆర్కిటెక్టుతో ఒప్పందం అన్నారు. ముట్టుకున్న ఉద్యోగికి ఇల్లు తీసేస్తామని రూలు. నాకు ఈ గది జీవితాంతం అని ఇచ్చిన కాగితంలో కూడా ఆ వాక్యం ఉంది.

ఒక చలికాలంలో ఒకావిడ పసిపిల్లను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. బిడ్డ ముక్కు నీలంగా ఉంది. ఆ ఆదివారం మొదటి కిటికీ మూశాను. మర్నాడు పక్కింటివాళ్ళు వచ్చారు. తర్వాత ఇరవై రెండేళ్ళు నాకు ఆదివారాల్లేవు. మొత్తం నూట తొంభై ఒకటి. మిగతా ఇరవై అయిదిళ్ళవాళ్ళు చెక్కపలకలతో సరిపెట్టుకున్నారు, తర్వాత ఆఫీసే ఏదో పెయింటు రేకు బిగించింది.

సిమెంటు చాలా తక్కువ వేశాను. ఆఫీసువాళ్ళు పట్టుకుంటే సుత్తితో కొట్టి తీసెయ్యడానికి వీలుగా ఉండాలి కదా. బరువు మోసే చోటు కాదు, పైన దూలం వేరే ఉంది. కంకర మాత్రం కట్టేనాటిదే, వెనక పెరట్లో మిగిలిన గుట్ట. బల్లలు కూడా ఆనాటివే, దాచుకున్నాను. గోడమీద గీత ఎక్కడ ఆగిందో నా బల్లమీద అక్కడే మొదలయ్యేలా బిగించేవాణ్ణి. అబద్ధం ఆడని గోడ చేత నూట తొంభై ఒక్క అబద్ధాలు ఆడించాను. ఒక్క ఇంజనీరు, ఒక్క రిజిస్ట్రారు పట్టలేదు. ఇనుము పసిగట్టే మీ మిషను కూడా పట్టలేదు. పైగా, కిటికీలో ఊచలుండవుగా, ఇదిగో ఇక్కడ శుభ్రంగా ఉంది, ఇక్కడే కొయ్యండి అని దారి చూపించింది.

తొమ్మిదీ నావే. నువ్వు పక్కన పెట్టిన మూడే గోడ.

అన్నిటి చుట్టూ సుద్దతో గీతలు గీశాను. నవ్వాలో ఏడవాలో తెలియక మళ్ళీ కిందికి దిగి చుక్కల మందు వేసుకున్నాను. ఎన్నోసారో లెక్క లేదు.

నీ దద్దమ్మ మామయ్య


ఏప్రిల్ 14

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత పాత డ్రాయింగులు తీశాను. పాల కిటికీలు వాటిలో ఉన్నాయి. మావాళ్ళు తాము కోసిన గోడల్లో కనపడలేదు కాబట్టి అసలు కట్టలేదని రాసుకున్నారు, నేను సరేనని టిక్కు పెట్టాను. నీ పనితనం ఒకటే కాదు ముంచింది, నా టిక్కు కూడా.

మా డైరెక్టరుతో మాట్లాడాను. రిపోర్టు ఇచ్చేశాం, అడిగితే చూద్దాం, అడగకుండా మనమెందుకు కదిలిస్తాం అన్నారు. కదిలిస్తున్నాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని నా పేరుతో, నా సంతకంతో యూనివర్సిటీకి రేపు పంపుతున్నాను.

కానీ అది చాలదు. ఆ తొమ్మిది చోట్లూ పూడ్చినవే అని పూడ్చిన మనిషి చెబితే తప్ప మళ్ళీ పరీక్ష చేయించరు. నువ్వు చెబితే ఆ రూలు నీ మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఒక్కటి మాట ఇవ్వు. నేను ఒక లాయరుతో మాట్లాడేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. రెండు వారాలు. కిటికీలు పూడ్చింది ఎవరో తెలియదు అని రాయొచ్చేమో కనుక్కుంటాను. నీ పేరు రాకుండా పని జరిగే దారి ఉంటుంది.

దయచేసి తొందరపడకు. నేను వస్తాను.

నీ మేనకోడలు


ఏప్రిల్ 19

బుడంకాయ్‌కి,

నీ పద్నాలుగో తారీకు ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను పదిహేడునే సంతకం పెట్టేశాను. పోస్టువాణ్ణి ఏమీ అనకు, ముందే వచ్చినా పెట్టేవాణ్ణి.

పూడ్చింది ఎవరో తెలియదా? ఇరవై రెండేళ్ళ ఆదివారాలు నావి, అవి ఎవరో తెలియనివాడికి రాసిస్తావా? నువ్వు నామీద ప్రేమతోనే అన్నావు, తెలుసు. అయినా మనసు చివుక్కుమంది.

జరిగింది చెబుతాను. రిపోర్టు ఎక్కడ తప్పిందో చూపిస్తాను రమ్మని ఆఫీసుకు కాగితం పంపాను. టై, రిజిస్ట్రారమ్మ, మీ కంపెనీ తరఫున ఒక సూటుబాబు, నాలుగో అంతస్తు వరండాకి వచ్చారు. నేను చెప్పిందంతా రిజిస్ట్రారమ్మ ఓపిగ్గా విన్నది. సూటుబాబు నవ్వి, "కథ బాగుందండీ. కూల్చకుండా ఆపడానికి ఏదైనా చెబుతారు. ఈ గోడ చూడండి, ఎక్కడా అతుకే లేదు" అన్నాడు. నా జన్మలో నాకు దక్కిన అతి పెద్ద మెప్పు అది. దానికి థాంక్సు చెప్పి, జేబులోంచి సుద్ద తీసి గోడమీద అడుగు చదరం గీశాను. సుత్తి అందుకున్నాను.

టై అడ్డం వచ్చాడు. "ఇది యూనివర్సిటీ ఆస్తి."

"ఈ చదరం కాదండీ. ఇది నాది."

పదకొండు దెబ్బలు. వయసులో ఉంటే ఏడింటికి వచ్చేది. ముక్క లోపలికి పడి దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే, అంచులు చాకుతో కోసినట్టున్న కిటికీ. అవతల తర్కం లెక్చరరు చేతిలో టీ కప్పుతో మమ్మల్ని చూస్తున్నాడు. కాసేపు ఆలోచించి అన్నాడు, "తలుపు పక్కనే ఉంది కదండీ. తట్టొచ్చుగా."

రిజిస్ట్రారమ్మ పెదాలు బిగబట్టుకుంది. సూటుబాబు ఏదో రాసుకున్నాడు. అప్పుడు టై ఆఖరి బాణం వేశాడు. "మేస్త్రీగారూ, కిటికీలు పూడ్చింది మీరేనని రాసి సంతకం పెడితే మీ గది ఆ నిమిషమే పోతుంది. కొత్త హాస్టలు గది కూడా ఉండదు. పెట్టకపోతే ఈ కిటికీ సంగతి నేను చూడలేదు."

వరండా నిండా జనం. నాకు బాధ లేదంటే అబద్ధం. ఆ గదిలో నేను వేసుకోని మేకు ఒక్కటి లేదు. అయినా ఆలోచించడానికి ఏముంది చెప్పు? రెండువందల పదహారు ఇళ్ళు తీసుకెళ్ళి త్రాసులో ఒక పక్కన పెట్టి, ఇంకో పక్కన నా మంచం పెట్టారు. నన్ను ఇంత చవగ్గా చూసినందుకే ఒళ్ళు మండింది. నూట తొంభై ఒక్క ఇళ్ళ నంబర్లూ వరసగా చెప్పాను. లెక్చరరు రాశాడు. కింద నా సంతకం పెట్టాను. నీ దానికంటే బావుంటుంది, అన్ని అక్షరాలూ కనపడతాయి.

వస్తానన్నావు. లాయరుతో రాకు. ఒక్కదానివే రా.

మామయ్య


జూన్ 2

మామయ్యకి,

నీ దగ్గరి నుంచి వచ్చి వారమైంది, నా గోళ్ళల్లో కాంక్రీటు దుమ్ము ఇంకా పోలేదు. వేరే ల్యాబువాళ్ళు కోస్తుంటే నేను ఊరికే నిలబడి చూస్తానని వచ్చాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఒక్కో గోడ మీదా పెట్టించావు, ఇది గోడ, ఇది నేను, ఇది గోడ అంటూ. కళ్ళు మూసుకుంటే ఆరింటిలో నాలుగు చెప్పగలిగాను. ఉద్యోగంలో చేరాక నాకెవరూ ఇంత కష్టమైన పరీక్ష పెట్టలేదు.

ఫలితం ఇవాళ వచ్చింది. పద్దెనిమిది ముక్కలు. సగటు ముప్పై ఎనిమిది. అన్నిటికంటే తక్కువ వచ్చింది కూడా ముప్పై రెండు. నీకంటే ముందు నాకు చెప్పారు, నీకంటే ముందు నేను ఏడ్చాను, క్షమించు. కూల్చివేత రద్దు చేస్తున్నట్టు రిజిస్ట్రారుగారు సంతకం చేశారట.

నన్ను సంతకాలు పెట్టే కుర్చీలోంచి లేపి, వచ్చిన ముక్కలకు నంబర్లు వేసే బల్ల దగ్గర కూచోబెట్టారు. బాగానే ఉంది. ఏ గోడలోంచి తెచ్చారో అడగకుండా ఒక్కదానికీ నంబరు వెయ్యడం లేదు. తెచ్చినవాళ్ళు విసుక్కుంటున్నారు.

కానీ నీ సంగతి. గది పదో తారీకుకి ఖాళీ చెయ్యాలని నోటీసు ఇచ్చారని లెక్చరరుగారు రాశారు. నువ్వు రాయలేదు. బీరువా ఇంకా ఖాళీగానే ఉంది మామయ్యా. ఈసారి నోరు మూయించడానికి కాదు. నువ్వు ఉంటే నాకు బావుంటుంది, అందుకు.

నీ మేనకోడలు


జూన్ 11

బుడంకాయ్‌కి,

ముప్పై ఎనిమిది. ఈ అంకెను లెక్చరరు చేత పెద్దక్షరాలతో రాయించి కిందిగోడకు అంటించాను. టై చింపించాడు. మళ్ళీ అంటించాం. అయిదుసార్లయ్యాక ఆయనకు విసుగొచ్చింది, మాకు రాలేదు.

నీ బీరువాకి మొక్కుతాను. ఈసారి నువ్వు పిలిచిన పిలుపు వేరు, అది నాకు తెలిసింది. వస్తాను, చూడటానికి వస్తాను, పదిరోజులుంటాను, నీ వంటింట్లో కారే కుళాయి బాగుచేసి పోతాను. ఉండటానికి మాత్రం రాను. నేను నిలబెట్టిన ఇంట్లోంచి నన్నొకడు బయటికి పంపడమేమిటి? పంపినా నేను పోవడమేమిటి?

గది నిన్ననే ఖాళీ చేశాను. రూలు రూలే, పెంకితనం చెయ్యలేదు. తాళంచెవి టై చేతికి ఇచ్చి రసీదు తీసుకున్నాను. మనిషి కాస్త నొచ్చుకున్నట్టే కనపడ్డాడు. "ఎక్కడికి వెళ్తున్నారు మేస్త్రీగారూ, ఆటో పిలిపించమంటారా?" అన్నాడు.

"వద్దండీ, దగ్గరే. నాలుగో అంతస్తు."

అప్పుడు లెక్చరరు మెట్లు దిగి వచ్చి, ఇళ్ళవాళ్ళకు ఇచ్చే నిబంధనల పుస్తకం తెరిచాడు. ఈ పుస్తకాన్ని యాభై ఆరేళ్ళలో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీదాకా చదివిన మొదటి మనిషి వాడే అనుకుంటాను. ముప్పై ఒకటో నిబంధన ప్రకారం ప్రతి ఇంటివారూ ఒక అతిథిని వరసగా పద్నాలుగు రోజులు ఉంచుకోవచ్చు. ఆఫీసుకు ముందుగా కాగితం ఇస్తే చాలు, అనుమతి అడగక్కర్లేదు. వాడు తన కాగితం ఇచ్చాడు. వాడి వెనకాల పక్కింటామె ఇచ్చింది. ఆమె వెనకాల లైను మెట్ల మీదుగా రెండో అంతస్తుదాకా ఉంది. ఒక్కొక్కరి కాగితం మీదా తేదీలు వేరు, ఒకరి గడువు అయిన రోజున ఇంకొకరిది మొదలు.

టై కాగితాలు తిరగేసి, "ఇది నిబంధనను దుర్వినియోగం చెయ్యడం" అన్నాడు.

లెక్చరరు అన్నాడు, "వినియోగమండీ. దుర్వినియోగానికి వేరే నిబంధన ఉండాలి. లేదు. వెతికాను."

"మొత్తం ఎన్ని ఇళ్ళు?"

"అన్నీ."

లెక్క నేనే కట్టాను. రెండువందల పదహారు ఇళ్ళు, ఇంటికి పద్నాలుగు రోజులు. ఎనిమిదేళ్ళ మూడు నెలల పైచిలుకు. ఆఖరింటికి చేరేసరికి నాకు ఎనభై నాలుగు దాటుతాయి. అప్పుడు మళ్ళీ మొదటింటి నుంచి మొదలుపెట్టొచ్చా అన్నది పుస్తకంలో లేదు. లెక్చరరు ఆఫీసును అడుగుదామన్నాడు. అడగొద్దన్నాను.

నిన్న సాయంత్రం ఆయింట్లో టీ తాగాను. నేను పగలగొట్టిన కిటికీ ఇంకా అలాగే ఉంది. దాన్ని మూసెయ్యనా అని నర్సమ్మని అడిగితే, వద్దు బాబాయిగారూ, వరండాలో ఎవరొస్తున్నారో కనపడుతోంది, బావుంది అంది. మూడు నిమిషాలకొకళ్ళు అందులోంచి తల పెట్టి, మా ఇంటికి ఎప్పుడు వస్తున్నారు అని అడిగిపోతున్నారు. టీ చల్లారిపోయింది. ఎనిమిదేళ్ళూ చల్లారిన టీయే తాగాలేమో.

నువ్వు ఉత్తరం రాసేముందు కవరు మీద ఏం రాయాలో కింద ఇస్తున్నాను. జాగ్రత్తగా చూసి రాయి, తేదీ దాటితే పక్క తలుపు.

నీ మామయ్య,
మేస్త్రీ, అతిథి,
మొదటి బ్లాకు, నాలుగో అంతస్తు, మూడో ఇల్లు
(జూన్ ఇరవై మూడు దాకా)